వెనక్కి పోతే ఆగే బండి

పెళ్ళయిన నలభై రెండో రోజున ముబాషిరాకు ఒక కొత్త సంగతి తెలిసింది. కారు చక్రం లోపల బూట్లుంటాయట, బ్రేకు షూలు. చక్రానికి రెండు. అర్ధచంద్రాల్లా వంగి, బయటి అంచున నల్లటి పట్టీ అంటించుకుని ఉంటాయి. బ్రేకు తొక్కితే రెండూ విచ్చుకుని, తమను మూసి తిరుగుతున్న డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టుకుంటాయి. డ్రమ్ము ఆగితే చక్రం ఆగుతుంది, చక్రం ఆగితే బండి ఆగుతుంది.

ఇంత చిన్న సంగతి ఆమెకు పూటంతా సంతోషాన్నిచ్చింది. గిద్దలూరులో బీఎస్సీ చదివేటప్పుడు ఘర్షణ గురించి పేజీలకు పేజీలు బట్టీ పట్టింది. ఆ ఘర్షణ ఇలా మార్కాపురంలో, మామగారి షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని ఉంటుందని ఏ లెక్చరరూ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన యాసిర్‌కు ఇదంతా ఆగకుండా చెప్పింది. అతనికి బస్టాండు దగ్గర మందుల దుకాణం ఉంది. ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"నాకు పెళ్ళి చేసినారా, మా అబ్బాకు అసిస్టెంటును తెచ్చినారా?" అన్నాడు.

"రెండూ," అంది ముబాషిరా.

వడ్డిస్తున్న అత్త లాల్బీ కోడలి చేయి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. "చూడరా, గోరింటాకు ఇంకా పోనే లేదు, దాని మీద గ్రీజు. నీ పెళ్ళానికి బుద్ధి చెప్పు."

"నేనేం చెప్పేది? నీ మొగునికి నువ్వు చెప్పగలిగినావా ఇన్నేళ్ళలో?"

లాల్బీ గరిటె ఎత్తింది. యాసిర్ తల వంచుకుని తిన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర, తల్లి చూడకుండా, ముబాషిరా చెంప మీది నల్లటి మరకను బొటనవేలితో తుడిచాడు. అది పోకపోగా ఇంకొంచెం పాకింది.

షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది. వంటింటి వెనక తలుపు తీస్తే షెడ్డే. చుట్టుపక్కల ఏ డ్రైవరునడిగినా మామ మస్తాన్‌ను 'బ్రేకుల మస్తాన్' అంటారు. యర్రగొండపాలెం నుంచి నల్లమల ఘాట్ ఎక్కి దిగే జీపులవాళ్ళు ముందు ఆయన దగ్గర చూపించుకుని గానీ అడవిలోకి పోరు. ముప్పై నాలుగేళ్ళుగా అదే పేరు.

ఇప్పుడు ఆ పేరుగల మనిషి సొంత బండే ఆగడం లేదు.

బండి అంటే అంబాసిడర్. పాలమీగడ రంగు, వయసులో యాసిర్‌కన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. రెండు నెలల కిందట తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంటే మస్తాన్ ముందు చక్రాలు రెండూ విప్పాడు. షూల మీది పట్టీలు, వాటినే లైనింగు అంటారు, అరిగి రివెట్లు బయటపడ్డాయి. షూలను తోసే చిన్న సిలిండర్లను మోసే ఇనుప ప్లేట్లు కూడా తుప్పు పట్టాయి కాబట్టి వాటినీ ఊడదీశాడు. మర్నాడే ఒంగోలు నుంచి ఫోను, కన్ను ఆపరేషనుకు రమ్మని. పోయి వచ్చాక పదిరోజులు వంగకూడదన్నారు. ఈలోగా, ఆయనతోపాటు ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న కృపావరం ప్లేట్లు కడిగి, రంగు వేసి బిగించాడు. కొత్త లైనింగులు కొట్టాడు. తీరా నడిపి చూస్తే, పెడలు రాయిలా గట్టిగా ఉంటుంది గానీ బండి ఆగదు. వెనక చక్రాల బ్రేకుల పుణ్యాన ఎక్కడో ఒకచోట నిలబడుతుంది, అంతే.

కట్టు విప్పాక మస్తాన్ తన చేత్తో లైనింగులు మళ్ళీ కొట్టాడు. ఆగలేదు. మూడోసారి కొడుతున్నాడు. ఉదయం షెడ్డులో కృపావరంతో ఆయన అన్న మాట ముబాషిరా చెవిన పడింది.

"ఇదే లాస్టు, వరం. ఈసారీ ఆగకుంటే ఆదివారం దొనకొండాయన వచ్చి తీసకపోతాడు, తుక్కు కింద. షెడ్డుకు తాళమేస్తా. సొంత బండి ఆపలేనోడు ఊరోళ్ళ ప్రాణాలు చేతిలో పెట్టుకోకూడదు."

"కన్ను కుదురుకోవాల భాయ్. కొంచెం ఓపిక పట్టు."

"కన్ను కాదు. చెయ్యి పోయింది."

అది గురువారం. అందుకే ముబాషిరా అన్నం గిన్నెలు సర్ది మళ్ళీ వెనక తలుపు తీసింది.

కృపావరం ఒక బలపం తీసుకుని డ్రమ్ము లోపలి అంచంతా తెల్లగా రుద్దుతున్నాడు. మార్కాపురంలో పలకలకూ బలపాలకూ కొదవ లేదు. షెడ్డులో డబ్బాల మీద మూతలు కూడా పలకలే.

"అది ఎందుకు చిన్నాయనా?"

"చూడమ్మాయా." కొత్త షూను డ్రమ్ములో పెట్టి అటూ ఇటూ రెండుసార్లు జరిపి బయటికి తీశాడు. నల్లటి లైనింగు మీద తెల్లపొడి అంటుకుంది. "యాడ తెల్లగుందో ఆడ తగులుతున్నట్టు. యాడ నల్లగుందో ఆడ తగల్నట్టు. తెలుపున్న చోట ఆకురాయి పట్టి తీయాల. మళ్ళా పెట్టి చూడాల. అంతా ఒకే తీరున తెల్లబడేదాకా."

"ఇప్పుడు అంతా తెల్లగానే ఉంది కదా!"

"అదే మరి. మీ మామ చెయ్యి అట్లాంటిది. ఇంత బాగా కూచున్న షూ నేను నా జన్మలో చూడలే." గొంతు తగ్గించాడు. "ఎందుకు ఆగదో ఆ ప్రభువుకే తెలియాల."

ముబాషిరా ఆ షూను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పని బాగుంది. అయినా బండి ఆగదు. ఇది ఆమెకు పరీక్షలో ఎప్పుడూ రాని ప్రశ్నలా, నోరూరించేలా కనిపించింది.

నాలుగింటికి చక్రాలు బిగించి ముగ్గురూ ఎక్కారు. షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో మస్తాన్ బండిని కొంచెం వేగంగా ముందుకు పోనిచ్చి బ్రేకు తొక్కాడు. రెండు కాళ్ళతో తొక్కాడు. బండి ఏమీ పట్టనట్టు సాగిపోయి, సాగిపోయి, అవతలి గోడకు జానెడు దూరంలో నిలిచింది.

మస్తాన్ జేబులోంచి ఫోను తీసి, కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక నంబరు నొక్కాడు. "అన్నా, మస్తాన్‌ని. ఆదివారం కాదు, రేపు నమాజు అయినాక రా. ఆఁ, తీసకపో." అని పెట్టేశాడు.

కృపావరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మస్తాన్ గేరు మార్చి, మెడ తిప్పి, షెడ్డు వైపు విసురుగా వెనక్కి వచ్చాడు. గుమ్మం దగ్గర తొక్కాడు.

వెనక సీట్లో ఉన్న ముబాషిరా వీపు సీటుకు ధడాలున కొట్టుకుంది. గాజులు గల్లుమన్నాయి.

"మామా!"

"దెబ్బ తగిలిందా బేటీ?"

"లేదు మామా. బండి ఆగింది!"

"ఆగక? ఇల్లొచ్చింది."

"అది కాదు. వెనక్కి వస్తే ఎంత గట్టిగా ఆగింది చూసినారా? ముందుకు పోతే అంత తొక్కినా ఆగలేదు. వెనక్కి ఒక్క కాలితో తొక్కినారు."

"రివర్సులో స్పీడు తక్కువ మా," అన్నాడు మస్తాన్ దిగుతూ.

"అయితే ఒకే స్పీడులో చూద్దాం. ఒక్కసారి. దొనకొండాయన రేపు కదా వచ్చేది."

మస్తాన్ కృపావరం వంక చూశాడు. కృపావరం భుజాలు ఎగరేశాడు. "అడుగుతుంది కదా భాయ్, తొక్కు. పెట్రోలుకు దొనకొండాయన ఎట్లన్నా లెక్క కట్టియ్యడు."

ముబాషిరా దిగి ఖాళీ జాగా మధ్యలో ఒక రాయి పెట్టింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, అడుగులు సరిగ్గా కొలవాలని. దుపట్టా నడుముకు బిగించింది. రాయి దగ్గరికి రాగానే తొక్కాలి, ముందుకూ వెనక్కూ ఒకే వేగం, అది నిబంధన. ముందుకు పోయినప్పుడు రాయి దాటాక పదమూడు అడుగులు. వెనక్కి వచ్చినప్పుడు నాలుగు. మళ్ళీ చేయించింది. ముందుకు పద్నాలుగు. వెనక్కి నాలుగు.

"నాలుగు!" అని ఆమె చప్పట్లు కొట్టింది. గోడ అవతల బట్టలారేస్తున్న వెంకటసుబ్బులమ్మ తల పైకెత్తి, "ఏందమ్మా, సిక్సులా?" అని అడిగింది.

మస్తాన్‌కు ఈ సంబరం అర్థం కాలేదు. కానీ బండి దిగకుండా స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ ఆయన దగ్గరికి వచ్చి, వెనక్కి పోయేటప్పుడు ఎంత బాగా ఆగుతుందో చెప్పలేదు. అది ఆయన ఎన్నడూ కొలవని సంగతి.

ముబాషిరా షెడ్డులోకి పరుగెత్తింది. డబ్బా మీది పలక తీసి నేల మీద పెట్టుకుంది. ఆలోచన రావాలంటే ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి. బలపం వాల్చి పట్టుకుని, మొన వెనకాల వచ్చేలా లాగింది. గీత మెత్తగా పడింది. అదే బలపాన్ని అదే వాలులో ఉంచి, మొన ముందుండేలా తోసింది. అది కీచుమని అరిచి, గంతులు వేస్తూ, పలకను పొడిచి నిలిచింది.

ఆమె మళ్ళీ లాగింది. మళ్ళీ తోసింది. పళ్ళు జివ్వుమన్నాయి.

"ఆ చప్పుడు ఆపు తల్లీ," అంది లాల్బీ టీ గ్లాసులతో వస్తూ.

"మామా, ఇట్ల రండి. లాగితే జారిపోతా ఉంది. తోస్తే తనంతట తనే పొడుచుకుంటా ఉంది. నేను ఒత్తేది ఒకటే, అది పట్టుకునేది వేరే. షూ కూడా ఇట్లనే కదా? సిలిండరు తోసేది షూకు ఒక కొననే. డ్రమ్ము తిరిగేటప్పుడు ముందు ఆ కొనను తాకి అవతలి కొనకు పోతే, డ్రమ్మే షూను ఇంకా తన వైపుకు లాక్కుంటుంది. బలపం తోసినట్టు. ఎదురు దిక్కున తిరిగితే షూను విదిలించి పారేస్తుంది. బలపం లాగినట్టు."

మస్తాన్ నడక ఆగింది. "అందుకే కదా ముందు చక్రాల్లో రెండు సిలిండర్లు పెట్టేది. షూకు ఒకటి. ముందుకు పోయేటప్పుడు రెండూ పట్టాలని."

"మరి మన బండిలో వెనక్కి వచ్చేటప్పుడు రెండూ పడుతున్నాయి!"

టీ ఎవరూ అందుకోలేదు. మస్తాన్ జాకీ లాక్కుని డ్రైవరు వైపు చక్రం కిందికి తోశాడు. చక్రం ఊడింది, డ్రమ్ము ఊడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, బండి ముందుకు పోతే డ్రమ్ము తిరిగే దిక్కున వేలితో గాలిలో గుండ్రంగా గీశాడు. వేలు ముందు సిలిండరు లేని, షూ ఊరికే ఆనుకున్న కొనను తాకి, తర్వాత సిలిండరు ఉన్న కొనకు వచ్చింది. మళ్ళీ గీశాడు. అంతే వచ్చింది.

"ప్లేట్లు మారినాయి," అన్నాడు. "ఈ పక్కది ఆ పక్క. ఆ పక్కది ఈ పక్క. బోల్టు రంధ్రాలు రెంటికీ ఒకటే, ఎట్ల పెట్టినా కూచుంటాయి. మూడుసార్లు లైనింగు కొట్టినాం గానీ ప్లేటు జోలికి పోలేదు, చూడు."

ముబాషిరాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎగరబోతూ కృపావరాన్ని చూసింది.

ఆయన భుజం మీది టవలు తీసి, చేతులు తుడుచుకుంటూ, వాటినే తుడుచుకుంటూ నిలబడ్డాడు. "బిగిచ్చింది నేను," అన్నాడు. "నువ్వు ఒంగోలులో ఉంటే నేనే బిగిచ్చినా భాయ్. నెల రోజులుగా నువ్వు నీ కన్నును తిట్టుకుంటా, చేతిని తిట్టుకుంటా ఉంటే పక్కన నిలబడి ఓపిక పట్టమని చెప్పినా. తప్పు నాదని తెలీకనే."

ముబాషిరా ఎత్తిన మడమలు కిందికి దించింది. ఒకరి మీది బరువు తీసి ఇంకొకరి మీద పెట్టింది తను. నోరు మూసుకుని ఉండాల్సిందా? అప్పుడు రేపు బండి తుక్కు కింద పోయేది. మాట్లాడినా తప్పేలా ఉంది, మాట్లాడకపోయినా తప్పేలా ఉంది. అలాంటప్పుడు ఆమెకు తెలిసింది ఒక్కటే, ఇంకో ప్రశ్న అడగడం.

"చిన్నాయనా, మీకు చెయ్యి తిరిగిన పని. ఏది ఏ పక్కదో ఎట్ల గుర్తు పట్టినారు?"

"గుర్తేముంది? మీ మామ ఎప్పుడూ డ్రైవరు పక్కనే ముందు విప్పుతాడు. గోనెపట్టా మీద వరసగా పరిచి పోయినాడు. వరస మొదట్లో ఉన్నది డ్రైవరు పక్కది. తీసి పెట్టినా."

"అవును, ముందు విప్పింది వరస మొదట్లోనే పెట్టినా," అన్నాడు మస్తాన్.

"అదే నేను తీసింది."

"అదే అయితే ఎట్ల మారుతాయిరా?"

"ఒకసారి పరిచి చూపించండి మామా," అంది ముబాషిరా. దోసిట్లోకి ఆరు నట్లు తీసి ఆయనకిచ్చింది.

మస్తాన్ విసుగ్గా గోనెపట్టా ముందు కూర్చున్నాడు. మొదటి నట్టు కుడిచేతి కొసన పెట్టాడు. రెండోది దానికి ఎడమన. మూడోది ఇంకా ఎడమన. ఆరూ అలాగే పరిచాడు.

కృపావరం టవలు జారిపోయింది. "అటు నుంచా?"

"ఇంకెటు నుంచి? మా ఉస్తాద్ ఇట్లనే పరిచేవాడు. ఆయనకు కుడి నుంచి రాసే ఉర్దూ తప్ప వేరే రాత రాదు. ఆయన దగ్గరే నేర్చినా."

కృపావరం పక్కన గొంతుక్కూర్చుని, అవే నట్లు పోగుచేసి, ఎడమ కొస నుంచి కుడికి పరిచాడు. "మొదలంటే ఇదీ. మా బడిలో పలక మీద ఇక్కడ్నుంచే రాయించినారు."

ఇద్దరూ ఆ నట్ల వరస వంక చూశారు. ఏ కొస నుంచి చూసినా ఆరు నట్లే.

"ఇన్నేళ్ళు పక్కపక్కనే కూచున్నాం," అన్నాడు కృపావరం.

"నేను విప్పింది నేనే బిగిచ్చుకునేవాణ్ణి. నువ్వు లైనింగు కొట్టేవాడివి. నా వరస నువ్వు ముట్టలేదు ఎప్పుడూ." మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. "నేను ఈ దిక్కు నుంచి రాసి పెట్టి పోయిన జాబు నువ్వు ఆ దిక్కు నుంచి చదివినావు కదరా."

ముందు నవ్వింది ఎవరో ముబాషిరాకు తెలియలేదు. కృపావరం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం నవ్వు కోసమే కాదని ఆమెకు అనిపించింది.

"తప్పు నాదే. ఏది యాడిదో చెప్పకుండా పోయినా," అన్నాడు మస్తాన్.

"అడగకుండా బిగిచ్చింది నేను కదా."

"చెప్పాల్సింది నేను."

"అడగాల్సింది నేను."

"ఇద్దరిదీ తప్పే," అంది లాల్బీ. "తీర్పు అయిపోయింది. టీ చల్లారిపోతా ఉంది, తాగండి."

మస్తాన్ టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు. "అయితే వరం, లైనింగు పని సరిగ్గానే ఉందంటావు?"

"మూడుసార్లూ సరిగ్గానే ఉంది భాయ్. మొదటిసారి నేను కొట్టింది కూడా."

"నీది కొంచెం ఎత్తుపల్లం ఉండింది."

"చూడమ్మాయా, కన్ను బాగయింది మీ మామకు."

మర్నాడు పొద్దున్నే ప్లేట్లు మార్చారు. ముబాషిరా పెడలు తొక్కింది, కృపావరం కింద పడుకుని పైపుల్లోని గాలి తీశాడు. "తొక్కు... పట్టు... వదులు" అని ఆయన చెప్పినప్పుడల్లా ఆమె మొత్తం బండి తన అరికాలి కింద ఊపిరి పీలుస్తున్నట్టు పొంగిపోయింది. శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చిన మస్తాన్ తెల్ల టోపీ తీయకుండానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన కృపావరం, వెనక ముబాషిరా. లాల్బీ కూడా ఎక్కింది, "చచ్చినా అందరం ఒక్కసారే" అంటూ.

తర్లుపాడు పోయే దారిలో ఒక దిగుడుంది. మస్తాన్ పై నుంచి బండిని వదిలాడు. చెట్లు వేగంగా వెనక్కి పోతున్నాయి. లాల్బీ పెదవులు దువా చదువుతున్నాయి. సగం దిగుడులో ఆయన ఒక్క కాలితో, అంత గట్టిగా కాకుండా తొక్కాడు.

బండి ముక్కు నేలకు వంచి, రోడ్డును పట్టుకుని నిలబడిపోయింది. లాల్బీ ముందు సీటుకు నుదురు కొట్టుకుంది.

"నా పళ్ళు రాలగొడతావా?" అంది.

మస్తాన్ కిటికీలోంచి తల బయట పెట్టి ముందు చక్రాన్ని చూశాడు. మళ్ళీ తల లోపలికి తీసుకుని, బండిని ఇరవై గజాలు పోనిచ్చి మళ్ళీ ఆపాడు. మళ్ళీ పోనిచ్చాడు, మళ్ళీ ఆపాడు. తిరుగుదారి పొడవునా అదే పని. రోడ్డు దాటే కోడి కోసం ఆపాడు. దాటాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇంకో కోడి కోసం ఆపాడు. పలకల లోడు లారీకి అర ఫర్లాంగు దూరం నుంచే దారిచ్చి ఆపాడు. ఆ డ్రైవరు ఆశ్చర్యపోయి రెండుసార్లు హారను కొట్టాడు. ఆపిన ప్రతిసారీ ముబాషిరా ముందుకు ఊగి, వెనక్కి వచ్చి, ఒంటరిగా నవ్వుకుంది.

ఊళ్ళోకి వస్తుంటే ఫోను మోగింది. మస్తాన్ చూసి కృపావరానికిచ్చాడు. "దొనకొండాయన. నువ్వు మాట్లాడు. నేను పనిలో ఉన్నా."

"అన్నా, బండి ఇయ్యడంట," అన్నాడు కృపావరం. "ఎందుకా? ఆగుతా ఉంది, అందుకు... లేదన్నా, తాగి లేము... పోనీ, నీ జీపుకు బ్రేకులెట్ల ఉన్నాయి? సోమవారం తీసకరా, షెడ్డు తెరిచే ఉంటుంది."

బస్టాండు దగ్గర, మందుల దుకాణానికి సరిగ్గా ఎదురుగా, అడ్డం ఎవరూ లేకపోయినా మస్తాన్ బ్రేకు తొక్కాడు. వెనకొస్తున్న ఆటోవాడు తిట్టుకుంటూ పక్క నుంచి పోయాడు. యాసిర్ చేతిలో మాత్రల అట్టతో బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది అబ్బా? చెడిపోయిందా?"

"లేదు. నేనే ఆపినా," అన్నాడు మస్తాన్. "ఎక్కు. నీకూ ఒకసారి ఆపి చూపిస్తా."